థీసిస్ ఎంతవరకొచ్చింది అంటే ముఖం చాటేస్తున్నారా? టాపిక్ నుంచి వైవా దాకా ఇలా లాక్కురండి

ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవరో ఒకరు అడుగుతారు, "ఏమ్మా, పీహెచ్‌డీ అయిపోయిందా?" అని. "అయిపోవచ్చింది పెద్దమ్మా" అని నేను మూడేళ్ళు చెప్పాను. అప్పటికి నా దగ్గర ఉన్నవి పది నోట్‌బుక్కులు, ఫోన్ నిండా పుస్తకాల ఫోటోలు. రాసిన పేజీలు పద్నాలుగు. తెలుగు శాఖలో, రాయలసీమ కథల మీద. చివరికి ఐదేళ్ళ ఎనిమిది నెలలకి సబ్మిట్ చేశాను, అందులో ఒకటిన్నర ఏడాది పూర్తిగా నా తెలివితక్కువతనం. "అన్నీ చదివేశాక కూర్చుని రాద్దాంలే" అనుకోవడమే ఆ తెలివితక్కువతనం. అన్నీ చదవడం అనేది ఎప్పటికీ అవదు. కింద రాసినదంతా ఆ ఒక్క తప్పు మీరు చేయకుండా ఉండటానికి. నాది సాహిత్యం కాబట్టి ఉదాహరణలు అక్కడివే ఇస్తున్నాను, చరిత్ర, సోషియాలజీ, ఎకనామిక్స్ వాళ్ళకీ చాలావరకు పనికొస్తాయి. ల్యాబ్‌లో చేసేవాళ్ళ కష్టాలు వేరు, వాటి గురించి నేను మాట్లాడను.

మొదటి పని: గడువు లెక్క కాగితం మీద పెట్టండి

చేరిన వారంలోనే చేయాల్సిన పని ఇది, ఎవరూ చేయరు. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్ళు, గరిష్ఠంగా 6 ఏళ్ళు. ఆ తర్వాత రీ-రిజిస్ట్రేషన్ పెట్టుకుంటే మరో 2 ఏళ్ళు. ఆడవాళ్ళకీ, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్ళకీ ఇంకో 2 ఏళ్ళు ఇవ్వొచ్చు. మొత్తం కాలంలో ప్రసూతి, పిల్లల సంరక్షణ సెలవు 240 రోజుల దాకా తీసుకోవచ్చు, ఇది మన హక్కు, అడగడానికి మొహమాటపడకండి. మీరు అంతకుముందే చేరి ఉంటే పాత నిబంధనలు వర్తిస్తాయి, రీసెర్చ్ సెక్షన్‌లో మీ నోటిఫికేషన్ సంవత్సరం చెప్పి కనుక్కోండి.

అయితే అసలు గడువు ఇది కాదు, డబ్బుది. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 2023 జనవరి నుంచి నెలకి 37,000, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 42,000. రెండూ కలిపి 5 ఏళ్ళే. ఆరో ఏడాది హాస్టల్ మెస్ బిల్లు ఎవరు కడతారో ఇప్పుడే ఆలోచించుకోండి. ఫెలోషిప్ ఆగిపోయాక సగం మంది జూనియర్ కాలేజీల్లో క్లాసులు చెప్పుకుంటూ ఉండిపోతారు, థీసిస్ బీరువాలో ఉండిపోతుంది. అందుకని ఫెలోషిప్ ఆగే నెల రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. చివరి 6 నెలలు టైపింగ్, దిద్దుబాట్లు, ఆఫీసు పనులకి తీసేయండి. మొదటి ఏడాది కోర్స్‌వర్క్‌కి, సినాప్సిస్‌కి (ఏం చేయబోతున్నారో ముందే రాసిచ్చే ప్రణాళికకి) పోతుంది. మిగిలినదే మీ చేతిలో ఉన్న కాలం, అది మూడున్నరేళ్ళు కూడా ఉండదు. ఈ లెక్క చూస్తే భయం వేస్తుంది, మంచిదే.

రెండో పని: టాపిక్‌ని కత్తిరించండి, ఇంకా కత్తిరించండి

నేను మొదట పెట్టుకున్న టాపిక్ "రాయలసీమ కథ - సమగ్ర పరిశీలన". మా గైడ్ సార్ కళ్ళజోడు తీసి, "ఎన్ని కథలున్నాయమ్మా?" అన్నారు. "వందల్లో ఉంటాయి సార్." "నువ్వెన్ని చదువుతావు?" నా దగ్గర జవాబు లేదు. 'సమగ్ర' అనే మాట టైటిల్లో కనిపిస్తే అది ఉచ్చు అనుకోండి.

మూడు వైపుల నుంచి కోయాలి: చోటు, కాలం, విషయం. రాయలసీమలోంచి అనంతపురం జిల్లా రచయితలు. అన్ని కాలాల్లోంచి 1985 నుంచి 2005 దాకా. కరువు అనే మహాసముద్రంలోంచి ఒక్క బోరుబావి, అంటే నీటి కోసం బోర్లు వేయించి అప్పులపాలైన కుటుంబాల కథలు. ఇలా కోస్తే నలభై చిల్లర కథలు మిగిలాయి. "ఇంత చిన్నదా, దీని మీద మూడు వందల పేజీలు ఏం రాస్తాను?" అని ఏడుపొచ్చింది. చివరికి చోటు చాలక ఒక అధ్యాయం తీసేయాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

చిన్న టాపిక్ తీసుకుంటే చిన్నచూపు చూస్తారేమో అనుకునేవాళ్ళకి ఒక మాట. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1957లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ తీసుకున్నది తెలుగు క్రియాధాతువుల మీద, మొత్తం తెలుగు భాష మీద కాదు. కథారచయిత కేతు విశ్వనాథరెడ్డి గారు కడప జిల్లా ఊర్ల పేర్ల మీద చేశారు. ఒక జిల్లా, అందులో ఊర్ల పేర్లు, అంతే.

పరీక్ష ఒకటుంది. మీ ప్రధాన ఆకరాలన్నీ, అంటే కథలో, శాసనాలో, ఇంటర్వ్యూ చేయాల్సిన మనుషులో, ఒక ఏ4 కాగితానికి రెండు వైపులా పట్టేలా జాబితా రాయగలరా? పట్టకపోతే టాపిక్ ఇంకా పెద్దదే.

శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో వెతకడం మర్చిపోకండి. మన యూనివర్సిటీల థీసిస్‌లు అక్కడ ఉచితంగా దొరుకుతాయి. మీ టాపిక్ మీద ఎవరైనా చేశారేమో చూడటానికి మాత్రమే కాదు, మీ శాఖ నుంచే ఆమోదం పొందిన మూడింటిని దించుకుని అధ్యాయాలు ఎన్ని, పేజీలు ఎన్ని, పాదసూచికలు ఎలా ఇచ్చారు అని చూసుకుంటే సగం టెన్షన్ పోతుంది. కొన్ని చదివాక "దీనికి కూడా ఇచ్చారా" అనిపిస్తుంది. ఆ ధైర్యం కూడా అవసరమే.

మూడో పని: సినాప్సిస్‌ని ఒప్పందంలా రాయండి

సినాప్సిస్ అంటే డీఆర్‌సీ అనే పరిశోధన కమిటీ కోసం రాసే లాంఛనం అనుకుంటారు. నేనూ సీనియర్ అక్క సినాప్సిస్ ముందు పెట్టుకుని పేర్లు మార్చినంత పని చేశాను, దాని ఫలితం రెండేళ్ళ తర్వాత అనుభవించాను. ప్రతి అధ్యాయానికీ శీర్షిక కాకుండా ఒక ప్రశ్న రాసుకోండి. "మూడో అధ్యాయం: కథల్లో కుటుంబ సంబంధాలు" అంటే ఏం రాయాలో మీకే తెలియదు. "బోరు వేయాలన్న నిర్ణయం ఇంట్లో ఎవరు తీసుకున్నారు, డబ్బు ఎవరిది?" అంటే రేపే పని మొదలుపెట్టొచ్చు. పైకి ఇచ్చే కాపీలో గంభీరమైన శీర్షికే పెట్టుకోండి, ఎవరూ కాదనరు.

నాలుగో పని: నోట్స్, పేజీ నంబర్లు

దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఏడిపించింది ఇదే కాబట్టి.

కథలు, పాత పత్రికలు వెతికేవాళ్ళకి మనకి మంచి చోట్లే ఉన్నాయి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం ఉంది, దాని వెబ్‌సైట్‌లోనే రచయిత పేరుతో, పత్రిక పేరుతో కథలు వెతుక్కోవచ్చు. వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం ఉంది, రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది, కడపలో బ్రౌన్ గ్రంథాలయం, హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. చరిత్ర వాళ్ళకి తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్. వెళ్ళేముందు శాఖ నుంచి పరిచయ లేఖ తీసుకోండి, ఫోన్ చేసి సెలవు రోజులు కనుక్కోండి, ఫోటోలు తీయనిస్తారో లేదో కూడా అడగండి.

నేను వేటపాలెం వెళ్ళి రెండు రోజుల్లో ఫోన్‌తో నాలుగు వందల ఫోటోలు తీసుకొచ్చాను. గొప్పగా ఫీలయ్యాను. ఏడాది తర్వాత రాయడానికి కూర్చుంటే నాకు బాగా కావలసిన ఒక వ్యాసం ఫోటోలో అక్షరాలన్నీ ఉన్నాయి, కింద పేజీ నంబరు కోసుకుపోయింది, సంచిక నెల ఎక్కడా లేదు. ఒక్క పేజీ నంబరు, ఒక్క నెల పేరు. దాని కోసం రాత్రి రైలెక్కి, తెల్లారి చీరాలలో దిగి, ఆటోలో వేటపాలెం వెళ్ళి, గ్రంథాలయం తెరిచేదాకా అరుగు మీద కూర్చున్నాను. పని ఐదు నిమిషాల్లో అయిపోయింది.

కాబట్టి ఏ పుస్తకమైనా మొదటి ఫోటో అట్ట, రెండోది ప్రచురణ వివరాల పేజీ, ఆ తర్వాతే లోపలి పేజీలు, ప్రతి ఫోటోలో పేజీ నంబరు కనబడాలి. ఇంటికొచ్చిన రాత్రే ఫోల్డర్‌కి పుస్తకం పేరు పెట్టండి. నోట్స్ రాసేటప్పుడు రచయిత మాటలకి కొటేషన్ గుర్తులు పెట్టండి, మీ మాటలైతే పక్కన 'నా' అని రాసుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఏడాది తర్వాత ఆ వాక్యం మీదో ఎవరిదో గుర్తుండదు, తెలియకుండా కాపీ కొట్టినట్టు తేలేది ఇలాగే. ఉచితంగా దొరికే జొటేరో లాంటి సాఫ్ట్‌వేర్ వాడితే గ్రంథసూచి దానంతటదే తయారవుతుంది, రాకపోతే మామూలు ఎక్సెల్ షీటు చాలు. చాట్‌జీపీటీని రిఫరెన్సులు మాత్రం అడగకండి, లేని పుస్తకానికి పేరు, ప్రచురణకర్త, సంవత్సరం కూడా పెట్టి నమ్మకంగా ఇస్తుంది.

ఇంకో షీటు కూడా పెట్టుకోండి, నన్ను ఒడ్డున పడేసింది అదే. అడ్డంగా కథలు, నిలువుగా ప్రశ్నలు: బోరు వేద్దామన్నది ఎవరు, నీళ్ళ జాడ చూసింది ఎవరు, డబ్బు ఎక్కడిది, ఎన్నో బోరు, చివర ఏమైంది. గళ్ళు నింపుతూ పోతే ఒక సాయంత్రం కళ్ళ ముందు కనబడింది. నేను ఎంచుకున్న కథల్లో తాకట్టుకి పోయేది చాలాసార్లు ఇల్లాలి మెడలో గొలుసే, కానీ బోరు ఎక్కడ వేద్దామని ఆమెను అడిగిన సన్నివేశం వెతికినా దొరకదు. అదే నా థీసిస్‌కి వెన్నెముక అయింది. పది మంది విమర్శకుల పుస్తకాలు చదివినా దొరకనిది ఆ గళ్ళలో దొరికింది.

ఐదో పని: రాయడం, అదీ మధ్యలోంచి

మొదటి అధ్యాయం మొదట రాయకండి. ఉపోద్ఘాతం మొదలుపెడితే రాయలసీమ చరిత్ర, దత్తమండలాలు, తెలుగు కథ పుట్టుక అంటూ నూరు పేజీలు వెళ్ళిపోతుంది, అసలు విషయం రానే రాదు. మన థీసిస్‌లలో సగానికి ఈ జబ్బు ఉంది, చూడండి కావాలంటే. మీ దగ్గర సరుకు ఎక్కువగా ఉన్న అధ్యాయం ఏదైతే అది ముందు రాయండి, నాకది మూడోది. తర్వాత నాలుగు, రెండు, ఐదు. ముగింపు, ఆ తర్వాత ఉపోద్ఘాతం. కృతజ్ఞతలు చివరి వారంలో, అదీ రెండు పేజీలకి మించకుండా.

రోజుకి ఒక పేజీ అనుకోండి. పేజీ అంటే అచ్చుకి సిద్ధమైన పేజీ కాదు, మీకు తప్ప ఎవరికీ చూపించలేని చిత్తు పేజీ. వారానికి ఐదు రోజులు రాసినా ఏడాదికి 250 పైన అవుతాయి, అందులో సగం చెత్త పోయినా రెండేళ్ళలో థీసిస్ చేతిలో ఉంటుంది. నేను పొద్దున ఐదు నుంచి ఏడు దాకా రాసేదాన్ని, హాస్టల్లో బకెట్ల చప్పుడు మొదలయ్యేలోగా. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా చేసేవాళ్ళకి పొద్దున గంటన్నర తప్ప వేరే దారి లేదు, ఆదివారం మొత్తం కూర్చుంటాను అనేది కల్ల, ఆదివారం ఎవరో ఒకరు చుట్టాలొస్తారు. రాయడం ఆపేటప్పుడు రేపు ఏ వాక్యంతో మొదలుపెట్టాలో కింద ఒక ముక్క రాసి లేవండి.

చదవడం మానేయమని కాదు. పొద్దున రాత, సాయంత్రం చదువు. రాస్తే గానీ మీకు ఏ పుస్తకం అవసరమో తెలియదు.

ఆరో పని: గైడ్‌ని పట్టుకోవడం

గైడ్లు రకరకాలు. మా సార్ మంచివారే కానీ అడ్మినిస్ట్రేషన్ పదవి వచ్చాక దొరికేవారు కాదు. గది బయట బల్ల మీద నేను గడిపిన గంటలు కలిపితే ఒక అధ్యాయం అయ్యేది. తర్వాత తెలిసింది ఏంటంటే "సార్, చూస్తారా" అని నూరు పేజీలు ఇస్తే ఎవరూ చూడరు. పదిహేను పేజీలు ప్రింట్ తీసి, మీద ఒక చీటీ పెట్టి, "ఆరో పేజీలో ఈ వాదన నిలబడుతుందా? ఈ రెండు కథలు ఇక్కడ ఉంచాలా?" అని రెండే ప్రశ్నలు అడిగితే కారులో కూర్చుని కూడా చూసిచ్చేవారు. ఆయన చెప్పినదాన్ని ఆ రోజు రాత్రే మర్యాదగా మెయిల్ చేయండి, "మీరు చెప్పినట్టు ఇవి మారుస్తున్నాను సార్" అని. ఆర్నెల్ల తర్వాత "ఇలా ఎందుకు రాశావు, నేనెప్పుడు చెప్పాను" అన్నప్పుడు ఆ మెయిల్ పనికొస్తుంది.

గైడ్ రిటైర్మెంట్ తేదీ ముందే తెలుసుకోండి, ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు. రిటైర్మెంట్‌కి మూడేళ్ళ లోపు సర్వీసు ఉన్నవాళ్ళు కొత్తగా స్కాలర్లని తీసుకోకూడదు. అప్పటికే ఉన్నవాళ్ళకి రిటైరయ్యాక 70 ఏళ్ళ వయసు దాకా కో-సూపర్‌వైజర్‌గా ఉండొచ్చు. అంటే మీకు ఇంకో గైడ్ వస్తారు, వాళ్ళకి మీ టాపిక్ నచ్చాలి. ప్రతి సెమిస్టర్ జరిగే సలహా కమిటీ సమావేశంలో వాళ్ళని ముందే పరిచయం చేసుకుని ఉంటే మంచిది.

ఏడో పని: తెలుగులో టైపింగ్ (ఇంగ్లిష్‌లో రాసేవాళ్ళు ఇది దాటేయండి)

నేను మొదట రాసిన రెండు అధ్యాయాలు చేత్తో రాసి యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉన్న డీటీపీ సెంటర్‌లో ఇచ్చాను. వాళ్ళు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చక్కగా కొట్టిచ్చారు, అక్షరం ముత్యంలా ఉంది. అప్పుడు మొదలైంది కథ. పేజ్‌మేకర్‌లో పాదసూచికలకి ఆటోమేటిక్ నంబర్లు ఉండవు. పన్నెండో నోటు తర్వాత కొత్తది ఒకటి చేర్చితే పదమూడు నుంచి నూట నలభై దాకా అన్నీ చేత్తో మార్చాలి. పైగా అను అక్షరాలు కంప్యూటర్‌కి తెలుగు కాదు, లోపల ఇంగ్లిష్ గుర్తుల గందరగోళం. సిమిలారిటీ చెక్‌కి, అంటే మన రాత వేరేవాళ్ళ రాతతో ఎంత కలుస్తోందో చూసే పరీక్షకి పంపితే సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేదు, యూనికోడ్‌లో (ఏ కంప్యూటరైనా తెలుగుగానే చదివే పద్ధతిలో) తెమ్మన్నారు. కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాను, ఒత్తులన్నీ అటూ ఇటూ అయ్యాయి, రెండు నెలలు ప్రూఫ్ దిద్దుకున్నాను.

మీరు మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో, వర్డ్‌లో గానీ లిబ్రేఆఫీస్‌లో గానీ, మీరే కొట్టుకోండి. ఫోన్‌లో వాట్సాప్ మెసేజ్ తెలుగులో కొట్టగలిగితే ఇదీ వస్తుంది. శీర్షికలకి హెడింగ్ స్టైల్ వాడండి, విషయసూచిక దానంతటదే వస్తుంది. ఫైలు పేరు "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "నిజంగా ఫైనల్" అని కాకుండా తేదీతో పెట్టండి. ఒక కాపీ గూగుల్ డ్రైవ్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, వారానికోసారి మీకు మీరే మెయిల్ చేసుకున్నది ఇంకొకటి. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి ల్యాప్‌టాప్ రైల్లో పోయింది, దాంతోపాటే రెండు అధ్యాయాలు కూడా.

ఎనిమిదో పని: చివరి ఆరు నెలలు

ఇక్కడ రాసే పని తక్కువ, తిరిగే పని ఎక్కువ. ప్రీ-సబ్మిషన్ సెమినార్, అందులో వచ్చిన సూచనలు చేర్చడం, సిమిలారిటీ రిపోర్టు, ఎగ్జామినర్ల ప్యానెల్, ఫీజు చలానా, లైబ్రరీ, హాస్టల్ నో డ్యూస్, హార్డ్ బైండింగ్. టైటిల్‌లో ఒక్క పదం మార్చాలన్నా అనుమతి కావాలి, ప్రీ-సబ్మిషన్‌కి ముందే ఆ పని చూసుకోండి. రిజిస్ట్రేషన్ లెటర్‌లో ఉన్న టైటిల్, అట్ట మీద టైటిల్ అక్షరం కూడా తేడా లేకుండా ఉండాలి. నా స్నేహితురాలికి 'కథల్లో' అనే చోట 'కథలలో' అని పడిందని కాపీలన్నీ వెనక్కి పంపారు, మళ్ళీ బైండింగ్ ఖర్చు.

సిమిలారిటీ గురించి ఊరికే భయపడతారు. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా శిక్ష లేదు. 10 నుంచి 40 మధ్య అయితే 6 నెలలకి మించకుండా గడువిచ్చి సరిచేసి ఇవ్వమంటారు, 40 నుంచి 60 అయితే ఏడాది పాటు మళ్ళీ ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. సరిగ్గా ఉదహరించిన కొటేషన్లు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు ఈ లెక్కలోకి రావు. తెలుగు థీసిస్ అయితే శాతం తక్కువ రావచ్చు, దాన్ని చూసి మురిసిపోకండి, సాఫ్ట్‌వేర్‌కి దొరకనిది ఆ పుస్తకం చదివిన ఎగ్జామినర్‌కి రెండో పేజీలోనే దొరుకుతుంది.

జర్నల్ పేపర్లు అచ్చవ్వాలన్న నియమం 2022 యూజీసీ నిబంధనల్లో లేదు, కానీ కొన్ని యూనివర్సిటీలు సొంతంగా అడుగుతున్నాయి. అడిగినా సరే, డబ్బు కడితే వారంలో వేస్తామని వాట్సాప్‌లో మెసేజ్‌లు పెట్టేవాళ్ళ జోలికి పోవద్దు.

తొమ్మిదో పని: వైవా

థీసిస్ మీ గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి ఎగ్జామినర్లకి వెళుతుంది. ఇచ్చిన రోజు నుంచి 6 నెలల్లో వైవాతో (ఎదురుగా కూర్చోబెట్టి అడిగే నోటి పరీక్షతో) సహా అంతా ముగించాలని నిబంధన ఉంది. మీ ఫైలు ఏ బల్ల మీద ఉందో నెలకోసారి వెళ్ళి చూసుకుంటేనే అది నిజమవుతుంది. గుమాస్తాగారితో స్నేహంగా ఉండండి, ఆయనకి తెలిసినన్ని రూల్స్ ప్రొఫెసర్లకి తెలియవు.

రిపోర్టులు చేతికి రాగానే ప్రతి ప్రశ్నకీ పేజీ నంబరుతో జవాబు రాసుకోండి. మిగతావి ఎక్కడైనా దాదాపు ఇవే: ఇందులో మీరు కొత్తగా చెప్పింది ఏమిటి, ఈ కాలమే ఎందుకు, ఫలానా రచయితని ఎందుకు వదిలేశారు. మూడోదానికి "మర్చిపోయానండి" అనకుండా టాపిక్ ఎక్కడ కోశారో అది చెప్పండి, అప్పుడు కోసినందుకు ఇక్కడ ఫలితం. మీ కాపీకి రంగు చీటీలు అంటించి తీసుకెళ్ళండి. తెలియనిది అడిగితే "ఈ కోణంలో చూడలేదు సార్" అనడం తప్పేమీ కాదు. వైవా భోజనాలకి ఏం పెట్టించాలి, ఎవరెవరిని పిలవాలి అనేదాని మీద వారం రోజులు పోగొట్టకండి, నేను పోగొట్టాను, తీరా చూస్తే ఎగ్జామినర్ గారు షుగర్ అని చెప్పి పెరుగన్నం తిని వెళ్ళారు.

అయ్యాక సాఫ్ట్ కాపీ శోధ్‌గంగ కోసం ఇవ్వాలి. డిగ్రీ పట్టా రావడానికి కాన్వొకేషన్ దాకా ఆగాలి కాబట్టి, యూజీసీ నిబంధనల ప్రకారమే పీహెచ్‌డీ ఇస్తున్నట్టు రాసిన ప్రొవిజనల్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. లెక్చరర్ పోస్టుల ఇంటర్వ్యూలో అది అడుగుతారు. పేరు స్పెల్లింగ్ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉందో లేదో అక్కడ కౌంటర్ దగ్గరే చూసుకోండి.